రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను, డి.ఎ., మెడికల్ బిల్లుల గురించి ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నేను రోడ్డు దాటడం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. అది వికలాంగుల సమస్య, మనకెందుకులే అనుకోకండి. మోకాళ్ళు అరిగినవారు, చూపు మందగించినవారు, హారను వినపడనివారు ఈ హాలులోనే ఎందరున్నారో ఒక్కసారి చుట్టూ చూడండి.

మన తార్నాక సంగతే తీసుకుందాం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇక్కడే, ఆర్.టి.సి. ఆసుపత్రి ఇక్కడే. విద్యార్థులు, రోగులు, వృద్ధులు రోజూ రోడ్డు దాటవలసినవారే. క్యాంపస్ లోపలికి వెళ్ళినా నిశ్చింత లేదు. విద్యానగర్ వైపు పోయే బళ్ళు దాని గుండానే పోతాయి.

2017 నవంబరులో మెట్రో వచ్చింది. స్టేషనులో లిఫ్టు ఉంది. అంధుల పాదాలకు తెలిసేలా గీతల పలకలు పరిచారు. ఇటువంటి పలకలను 1965లో జపానులో సెయిచి మియాకె అనే ఆయన కనిపెట్టారు. 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచింది అంధుల పాఠశాల దగ్గర, రోడ్డు దాటే చోటనే. మన దగ్గర స్టేషను దిగి రోడ్డు మీదికి రాగానే ఆ ఆసరా తెగిపోతుంది.

ఇక లెక్క చూడండి. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని ట్రాఫిక్ ఇంజనీర్లు సాధారణంగా లెక్క కడతారు. 18 మీటర్ల రోడ్డుకు 15 సెకన్లు. చేతికర్ర సాయంతో అందులో సగం వేగంతో నడిచేవారు పదిహేనో సెకనుకు నడిరోడ్డు మీదే ఉంటారు. ఆ లెక్కలో వారు లేనే లేరు.

చట్టం లేదా? ఉంది. 1995 వికలాంగుల చట్టం 45వ సెక్షనులోనే సిగ్నళ్ళ దగ్గర శబ్ద సంకేతం, ఫుట్‌పాత్ అంచున చక్రాల కుర్చీ దిగే ఏటవాలు, జీబ్రా క్రాసింగ్ మీద కాలికి తెలిసే గీతలు చెప్పారు. అయితే "ఆర్థిక స్తోమత మేరకు" అని ఒక మాట చేర్చారు. ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఆ మాట మహిమ తెలుసు. ఎంతటి ఫైలునైనా అటక ఎక్కిస్తుంది. దాని స్థానంలో 2016 చట్టం వచ్చింది. దాని కింద చేసిన 15వ రూలు ప్రమాణాలను మార్గదర్శకాలుగానే మిగిల్చిందని, అది చెల్లదని 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తప్పనిసరి నిబంధనలు 3 నెలల్లో చేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయం వారే. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం కింద హక్కు అని 2025 మే నెలలో అదే కోర్టు చెప్పింది.

ఇక మన వంతు. డ్రాఫ్టు రాయడం మనకు వచ్చిన విద్య. "తగు సౌకర్యములు కల్పించ ప్రార్థన" అని రాస్తే ఏమవుతుందో మీకు తెలుసు. కొలిచి రాయాలి. ఏ కూడలి, ఏ మూల, ఫుట్‌పాత్ అంచు ఎన్ని అంగుళాలు, పచ్చదీపం ఎన్ని సెకన్లు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున ఏటవాలు ఉండాలి. అంటే 6 అంగుళాల అంచుకు 6 అడుగులు. కొలిచేటప్పుడు చక్రాల కుర్చీలో తిరిగేవారిని, చూపులేనివారిని వెంట తీసుకువెళ్ళండి. ఎక్కడ ఆగిపోతారో వారే చెబుతారు. నగరపాలక సంస్థకు, ట్రాఫిక్ పోలీసులకు తలొక కాపీ, వికలాంగుల రాష్ట్ర కమిషనరుకు ఒకటి, క్యాంపస్ రోడ్లయితే రిజిస్ట్రారుకు ఒకటి పంపి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.

కుటుంబ సభ్యులకూ ఒక మాట. ఏటవాలు కట్టినా దానికి అడ్డంగా మన ఇంటి స్కూటరే నిలబెడితే ఏ కోర్టు తీర్పూ పనికిరాదు.

వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరు ఒక్కొక్క కూడలి కొలతలు తెస్తే, డ్రాఫ్టు పని నేను చూసుకుంటాను.