చెనిక్కాయలో కనిపించని విషం
(కలకడ పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పడమటి మండలాల మెట్టపొలాల్లో పండే చెనిక్కాయ నుంచే ఇంట్లోకి పచ్చడి, నూనె, పశువులకు చెక్క వస్తాయి. కాయ తడిసి ఒకరకం బూజు పడితే అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోగా, దాణాలోని వేరుశనగ చెక్కలో ఇది బయటపడింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి వందమందికి పైగా మరణించారు. ఇదే విషం కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు గుర్తించారు. దీర్ఘకాలం ఒంట్లో చేరితే కాలేయ క్యాన్సర్ కూడా రావచ్చు.

గింజలో ఈ విషం కంటికి కనిపించదు. మరి కనిపెట్టేదెలా? రసాయనశాస్త్రం బోధించినవాడిగా ఒక పద్ధతి చెబుతాను. దాని పేరు పలుచని పొర క్రొమటోగ్రఫీ.

గింజల పొడి నుంచి తీసిన సారాన్ని, సిలికా జెల్ పూసిన గాజుపలక అడుగున చుక్కగా పెడతారు. చుక్క మునగకుండా పలక అంచును క్లోరోఫాం, ఎసిటోన్ కలిపిన ద్రవంలో నిలబెడతారు. వత్తికి నూనె ఎక్కినట్లు ద్రవం పైకెక్కుతుంది. కొన్ని అణువుల్లో ఒక కొసన కాస్త ధన, మరో కొసన కాస్త రుణ విద్యుదావేశం ఉంటుంది. ఇదే ధ్రువత్వం. సిలికాకు ఈ గుణం ఎక్కువ. అందుచేత ధ్రువత్వం ఎక్కువున్న అణువులను అది పట్టి ఆపుతుంది. తక్కువున్నవి ద్రవం వెంట పైకి పోతాయి.

అలా నాలుగు అఫ్లాటాక్సిన్లు నాలుగు మెట్లపై నిలుస్తాయి: పైన బి1, ఆ కింద వరుసగా బి2, జి1, జి2. చీకటిలో అతినీలలోహిత దీపం వేస్తే బి రకాలు నీలంగా, జి రకాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. బ్లూ, గ్రీన్ మాటల మొదటి అక్షరాలే ఆ పేర్లు. పక్కనే తెలిసిన మోతాదు చుక్క పెట్టి, మెరుపులను పోల్చి ఎంత విషముందో అంచనా కడతారు.

ఇంట్లో మనకు పలకా లేదు, దీపమూ లేదు. జాగ్రత్తే మన పరీక్ష. కాయలు బాగా ఎండాకే నిల్వచేయండి. ముడుచుకున్నవి, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరి పారవేయండి. వేయించినా, ఉడికించినా విషం పూర్తిగా పోదు. అలాంటి గింజలు గానుగకు వేస్తే విషం ఎక్కువగా చెక్కలో నిలుస్తుంది. ఆ చెక్క తిన్న ఆవు పాలలోకి ఎం1 అనే రూపంలో దిగుతుంది. కాచినా పోదు. ఆ పాలు తాగేది మన మనుమలు, మనుమరాళ్ళే.

"చెడ్డ గింజలే కదా, గొడ్లకు వేద్దాం" అనే మాట ఇకపై మన ఇళ్ళలో వినిపించకూడదని కోరుతున్నాను.