లారీలో కంట్రోల్ పెట్టె మార్చుటకు ముందు



జవహర్‌నగర్, శామీర్‌పేట చుట్టుపట్ల పండిన కూరగాయలు బోయినపల్లి మార్కెట్టుకు వేళకు చేరవలెనంటే చీకటిలోనే బండి కదలవలెను. దారిలో లైట్లు ఆరిపోయినచో సరుకే కాదు, ప్రాణమే ప్రమాదంలో పడును.

లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు మొదలైనవానిని కొన్ని బండ్లలో ‘బాడీ కంట్రోల్ మాడ్యూల్’ అను చిన్న పెట్టె నడపును. మరీ పాత లారీలలో ఇది ఉండదు. స్విచ్చులు, రిలేలే ఆ పని చేయును. మీ బండిలో ఏది ఉన్నదో మొదట తెలిసికొనుడు.

లోపం కనబడగానే పెట్టె మార్చుటకు తొందరపడరాదు. బ్యాటరీ టెర్మినల్ వదులైనా, ఫ్యూజు పోయినా, ఎర్త్ తీగ తుప్పుపట్టినా, ఎలుకలు తీగలు కొరికినా ఇవే లక్షణాలు కనబడవచ్చును. పెట్టెకు కరెంటు, ఎర్త్ సరిగా అందుచున్నవని, దాని నుండి పోవు తీగలు బాగున్నవని మీటరుతో తేలిన పిమ్మటనే దానిని అనుమానింపవలెను.

మార్చునపుడు ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పవలెను. పార్టు నంబరు పాతదానితో సరిపోవలెను. చాలా బండ్లలో కంప్యూటరుతో కోడింగు చేయనిదే పెట్టె సరిగా పనిచేయదు. కనుక సెకండుహ్యాండు పెట్టె చౌకగా దొరికినను, కోడింగు కుదురునని మెకానిక్కు చెప్పిన తరువాతనే సొమ్ము చెల్లించుడు. వాన నీరు కారి పాత పెట్టె చెడియున్నచో ఆ కారుడు ఆపవలెను. లేనిచో కొత్తదియు చెడును.

బిగించిన పిమ్మట లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు పగటిపూటనే పరీక్షించి, ఆపైననే రాత్రి బండి కట్టుడు.