పులిజూదమును యుద్ధపటమును



టెక్కలి, పలాస ప్రాంతములలోను, ఉద్దానపు కొబ్బరితోఁటల నడిమి గ్రామములలోను, అరుగుమీఁద గీసిన పులిజూదపు గీఁతలను ఎఱుఁగని పెద్దలుండరు. ఆ యాటయందు పులులు 3, మేకలు 15. పులికి మేకను దాఁటి చంపు హక్కు కలదు. మేకకు చంపు హక్కు లేదు. పులిని కదలనీయక నిర్బంధించుటయే దాని పని. ఇరుపక్షముల సంఖ్య వేఱు, బలము వేఱు, లక్ష్యము వేఱు. చదరంగమున నట్లు కాదు. అందు ఉభయులకును పదునాఱేసి కాయలు, ఒకే వరుస, ఒకే లక్ష్యము. కాని లోకమున నే యుద్ధమును అంత సమానముగ జరిగియుండలేదు.

నేఁడు నేను చెప్పఁదలఁచినది యుద్ధపటములను గూర్చి. పూర్వము నిజముగా జరిగిన యుద్ధమును పటముపై నిలిపి, ఇరువురు ఎదురెదురుగఁ గూర్చుండి మరల నడపెడు ఆటలకు ఆ పేరు పెట్టుచున్నాను. ఇవి పుట్టుకచేత చదరంగమునకు బిడ్డలు. స్వభావముచేత మన పులిజూదమునకు చుట్టములు.

చతురంగము మన దేశముననే పుట్టి దేశదేశములకుఁ బోయినది. 1780లో జర్మనీదేశమునందలి బ్రున్స్విక్ సంస్థానమున హెల్విగ్ అను ఉపాధ్యాయుఁడు తన శిష్యులకు యుద్ధవిద్య బోధపడుటకై ఆ చదరంగమునే పెంచి పెక్కు గళ్ళ పటము నిర్మించెను. అందు కొండలు, నీళ్ళు, ఊళ్ళు వేర్వేఱు రంగులతోఁ జూపఁబడినవి. ఏనుఁగు శకటుల స్థానమున పదాతిదళము, ఆశ్వికదళము, ఫిరంగులు నిలిచినవి. 1824లో రైస్విట్జ్ అను ప్రష్యా సైనికోద్యోగి గళ్ళను తీసివేసి, నిజమైన దేశపటముమీఁదనే ఆడు పద్ధతి నేర్పరచఁగా, ఆ రాజ్యపు సేనాధిపతులు దానిని తమ యధికారుల శిక్షణమునకుఁ గైకొనిరి. పిదప 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ అనునతఁడు ఇట్టి యాటలను అట్టపెట్టెలలో నుంచి సామాన్యజనులకు విక్రయించెను. తేనెపట్టువలె ఆఱుమూలల గళ్ళు గల పటములు ఆ పిదప వాడుకకు వచ్చినవి.

ఆ దేశమువారు తమ స్వాతంత్ర్యయుద్ధమును ఇట్లు పటములపై కెక్కించుకొనిరి. 1775 నాఁటి బంకర్ హిల్ యుద్ధమున ఆంగ్లేయులు కొండను పట్టుకొనిరి; కాని చచ్చినవారును గాయపడినవారును కలిసి వారిలో వేయిమందికి పైఁబడిరి. ఎవరు గెలిచినట్లు? పటము నిర్మించువాఁడు ఈ ప్రశ్నకు ముందుగనే సమాధానము వ్రాసి యుంచవలెను. కొండకు ఇన్ని గుర్తులు, పోయిన ప్రాణములకు ఇన్ని గుర్తులు అని నిర్ణయింపవలెను. కొండ దక్కినను ఆట ఓడిపోవచ్చును. ఓడఁదగిన పక్షమువాఁడు చరిత్రలో నిలిచినదానికంటె రెండుగడియ లెక్కువ నిలిచినచో గెలిచినట్లే యని కూడ నిబంధన చేయవచ్చును.

ఇఁక మన తెలుఁగుదేశమునకు వత్తము. పదునెనిమిదవ శతాబ్దమున మన ఉత్తరసర్కారులలో జరిగిన యుద్ధములు తక్కువవి కావు. పటమున కనువైనది 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున జరిగిన చెందుర్తి యుద్ధము. ఆంగ్లేయులపక్షమున, వంగదేశమునుండి సముద్రముమీఁద విశాఖపట్టణమునకు వచ్చిన కర్నల్ ఫోర్డు. అతనికి తోడు విజయనగరప్రభువు ఆనందగజపతిరాజు. ఎదుట ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్సు. ఫోర్డు క్రింద తెల్లవారు సుమారు 500, సిపాయిలు సుమారు 2000. కాన్‌ఫ్లాన్సు క్రింద తెల్లవారు ఇంచుమించుగ నంతే, సిపాయిలు సుమారు 6000, ఫిరంగులును ఎక్కువ.

కాయల సంఖ్య చూచినచో ఫ్రెంచివారే గెలువవలెను. కాని ఫోర్డు సిపాయిలు తెల్లవారివలెనే ఎఱ్ఱని చొక్కాలు తొడిగియుండిరి. ఎత్తుగఁ బెరిగిన పైరుచాటున నిజమైన ఆంగ్లదళము కనఁబడకుండెను. ఫ్రెంచి తెల్లదళము ఆ సిపాయిలనే ఆంగ్లదళమని తలఁచి వారిమీఁదికి మరలెను. సిపాయిలు చెదరిపోయిరి, తఱుముచుఁ బోయిన ఫ్రెంచివారి వరుసలును చెదరెను. అంత ప్రక్కనుండి అసలు దళము వారిపైఁ బడెను. కాన్‌ఫ్లాన్సు గుఱ్ఱమెక్కి రాజమహేంద్రవరము దిక్కునకుఁ బాఱిపోయెను.

దీనిని చదరంగపు బల్లపై నాడించుట సాధ్యము కాదు. చదరంగమున ఎదుటివాని కాయలన్నియు కన్నులకుఁ గనఁబడుచునే యుండును. చెందుర్తి పటమున కాయలకు ముసుఁగు వేయవలెను. ఇది మనవంటివారికి కష్టము కాదు. ఉద్దానమున జీడిపిక్కలకుఁ గొదువ లేదు. తెల్లదళములకు జీడిపిక్కలు, సిపాయిలకు చింతపిక్కలు నుంచి, రెంటిని ఒకే తీరున ఎఱ్ఱగుడ్డ పేలికలతోఁ జుట్టి పటముపై నిలుపుఁడు. ఎదిరి దళము తాఁకువఱకు మూట విప్పరాదు. అప్పుడు కాన్‌ఫ్లాన్సు మూర్ఖుఁడని నవ్విన బాలుఁడు తానును తప్పుడు మూటవైపే పరుగెత్తును. తెలిసినవాని యెదుట తెలియనివాఁడు పడు పాట్లు అతనికి ఒక్క యాటలో బోధపడును.

మఱియొక నిబంధన ధనమునకు సంబంధించినది. చెందుర్తి విజయము తరువాత, రాజు ఇచ్చెదనన్న సొమ్ము చేతికందక ఫోర్డు సేన వారములతరబడి ముందుకు సాగలేకపోయెను. సేన కడుపుతో నడచునుగాని ధ్వజముతో నడువదు. కాఁబట్టి పటముప్రక్క ఒక గిన్నె యుంచి, అందు గవ్వలు వేసి, కదలిన ప్రతి దళమునకును ఒక గవ్వ తీయవలెను. గవ్వలు లేనివానికి ఎత్తు లేదు. తుదకు 1759 ఏప్రిలులో ఫోర్డు మచిలీపట్టణపు కోటను రాత్రివేళ ముట్టడించి పట్టుకొనెను. కోటలోనివారు వెలుపలివారికంటె ఎక్కువ మంది. అయినను ఏ దిక్కునుండి అసలు దెబ్బ వచ్చునో వారికిఁ దెలియలేదు.

మన సీమను గూర్చియు నొకమాట. పడమట మహేంద్రగిరి పంక్తులు, తూర్పున సముద్రము, నడుమ సన్నని మైదానము. ఉత్తరమునుండి దక్షిణమునకుఁ బోవు సేన లన్నియు ఈ నడవలోనే నడువవలసినవి. నేఁటి రైలుమార్గమును కలకత్తా చెన్నపట్టణముల రాజమార్గమును పలాస టెక్కలులను దాఁటుచు ఆ జాడలోనే పోవుచున్నవి. పటము గీయువాఁడు ముందు గీయవలసినది ఈ నడవయే. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాచేతను, 1766లో నిజాముతో నొడంబడికచేతను, గుంటూరు తప్ప తక్కిన ఉత్తరసర్కారులు కుంఫిణీవారికి దఖలుపడినవి. కాగితముమీఁద దఖలుపడుట వేఱు, నేలమీఁద దఖలుపడుట వేఱు. 1768లో పర్లాకిమిడి ప్రభువు నారాయణదేవు వారి నెదిర్చి, శ్రీముఖలింగమునకు దాపునఁ గల జలుమూరువద్ద కర్నల్ పీచి చేతిలో నోడిపోయెను. శ్రీముఖలింగేశ్వరుని దర్శించుటకుఁ బోవు మనవారిలో, ఆ దారిప్రక్కనే యుద్ధభూమి కలదని యెఱిఁగినవా రెందఱు?

ఇఁక పద్మనాభము. విజయనగరమునకును భీమునిపట్టణమునకును నడుమ అనంతపద్మనాభస్వామి కొండ కలదు. కప్పము బకాయి పడినదని కుంఫిణీవారు చిన విజయరామరాజును రాజ్యము విడిచి మచిలీపట్టణమునకుఁ బొమ్మని యాజ్ఞాపించిరి. ఆయన పోక, తన వారితో ఆ కొండదాపున విడిసెను. 1794 జూలై 10వ తేదీని కర్నల్ ప్రెండర్‌గాస్టు సేనతో వచ్చిపడెను. యుద్ధము ఒక గంటసేపైనను సాగలేదు. రాజును, ఆయనను విడువని వీరులనేకులును అచ్చటనే నేలకొరిగిరి.

దీనిని పటముపై నిలిపినచో, మొదటి యెత్తుననే ఫలితము తెలిసిపోవును. ఇట్టి యాట ఎందుకని మీరు అడుగవచ్చును. నా యుత్తర మిది. పద్మనాభము ఆటను 1794లో మొదలుపెట్టరాదు. 1757లో, బొబ్బిలియొద్ద మొదలుపెట్టవలెను.

ఆ యేడు జనవరి 24వ తేదీని విజయనగరపు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటఁబెట్టుకొని పొరుగువాఁడైన బొబ్బిలి రంగారావుమీఁదికిఁ బోయెను. కోట పడినది. విజయనగరము గెలిచినది. మూఁడవనాఁటి రాత్రి తాండ్ర పాపారాయఁడు డేరాలో విజయరామరాజును చంపెను. వారసుఁడైన ఆనందరాజు ఫ్రెంచివారిపై కినిసి ఆంగ్లేయులను పిలిచెను. చెందుర్తిలో గెలిచెను, మచిలీపట్టణమున గెలిచెను. బొబ్బిలి మొదలు మచిలీపట్టణమువఱకు విజయనగరము ప్రతి యెత్తును గెలిచినది. 37 సంవత్సరముల కడపట ఆట పోయినది. ఒక పులిని తఱుముటకు మఱియొక పులిని పిలిచిన మేకకు, తుదకు మిగిలినది ఆ రెండవ పులియే.

పులిజూదపు మూలసూత్రము మీరెఱిఁగినదే. పులి అన్ని మేకలను చంపలేదు. ఏ మేక వెనుక చోటు శూన్యముగ నున్నదో దానినే దాఁటి చంపును. వెనుక మఱియొక మేక ఆని కూర్చున్నచో పులికి దుముకుటకు చోటు లేదు. మన సంస్థానములలో వీరులకుఁ గొఱఁత లేదు. బొబ్బిలి వెనుక చోటు శూన్యము, పర్లాకిమిడి వెనుక చోటు శూన్యము. కడకు విజయనగరము వెనుకను చోటు శూన్యమే. ఈ మాట బడిపిల్లలకు నే నెన్నియో యేండ్లు నోటితోఁ జెప్పితిని. నోటిమాటకంటె, తమ చేతి మేక తమ కన్నులయెదుట పోయినప్పుడు పిల్లలు దీనిని గట్టిగ గ్రహింతురు.

ఒక హద్దు మాత్రము చెప్పవలసియున్నది. బొబ్బిలి వైరమును పటముపై నాడవచ్చును. ఎవరితో సంధి, ఎవరితో పోరు అను నిర్ణయములను ఆడవచ్చును. కాని కోట పడు గడియలో, శత్రువుచేఁ జిక్కరాదని ఆఁడువారును బిడ్డలును తమవారి చేతులలోనే ప్రాణములు విడిచిరి. దానికి కాయలు లేవు, గుర్తులు లేవు. ఆట అచ్చట నాగవలెను. పాచికను ప్రక్కన నుంచి, కొంతసేపు మౌనము వహింపవలెను. అట్లే ప్రతి పటమునను సేనలు నడచిన గళ్ళలోని పైరు ఎవరిదో అడుగవలెను. చెందుర్తియొద్ద ఆంగ్లదళమును దాఁచిన చేను ఎవఁడో యొక రైతు దున్ని విత్తినదే కదా. పైరుగల గడిని సేన త్రొక్కినప్పుడెల్ల ఉభయులకును ఒక గుర్తు తగ్గింపుఁడు. అప్పుడు జయము వెల తెలియును.

పెద్దలారా, మన గ్రామములలో పులిజూదపు గీఁతలు చెరగిపోవుచున్నవి. వాని ప్రక్కనే ఈ క్రొత్త గీఁతలు గీయుఁడు. ఒక సుద్దముక్క, గుప్పెఁడు జీడిపిక్కలు, నాలుగు గవ్వలు చాలును. మనుమని ఫోర్డుపక్షమునఁ గూర్చుండఁబెట్టి మీరు కాన్‌ఫ్లాన్సు పక్షము వహింపుఁడు. మఱునాఁడు పక్షములు మార్చుకొనుఁడు. ఓడినవాని స్థానమునఁ గూర్చున్నవాఁడు అతనిని తేలికగ నిందింపఁడు; గెలిచినవాని స్థానమునఁ గూర్చున్నవాఁడు గర్వింపఁడు. ఏ యెత్తు వేయునపుడైనను, వెనుక చోటు శూన్యముగ నున్నదా యని ఒకసారి తిరిగి చూచుట అలవాటగును. ఆ యలవాటు అరుగుమీఁదనే కాదు, ఊరి వ్యవహారములందును పనికివచ్చును.

సెలవు.