మంచినీటికి కావలి
(పాఠశాల తల్లిదండ్రుల సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో మాటలాడుటకు నన్ను పిలిచిన కార్యవర్గమువారు పిల్లల ఆరోగ్యమును గూర్చి ఏదైన చెప్పుమని కోరిరి. ఆరోగ్యమును గూర్చిన ఉపదేశములు మీరు చాల వినియుందురు. చేతులు కడుగుకొనుడు, గోళ్లు తీయుడు, ఈగలు వాలిన పదార్థములు తినకుడు అను మాటలు మన పిల్లల వాచకములలోనే కలవు. వానిని మరల వల్లించుట నా ఉద్దేశము కాదు. నేడు మీకొక వృత్తాంతము చెప్పదలచితిని. ఇది 1937వ సంవత్సరమున ఇంగ్లండు దేశమందలి క్రాయ్డన్ పట్టణమున జరిగినది. ధనమును, విద్యయు, సకల వసతులును గల ఆ పట్టణములో కుళాయినీరు త్రాగి 43 మంది మరణించిరి. వారెందుచేత మరణించిరో తెలిసికొన్నచో, మన బిడ్డలు త్రాగు నీటిని గూర్చి మనమేమి అడుగవలెనో మనకే బోధపడును.

క్రాయ్డన్ లండను నగరమునకు దక్షిణదిక్కున ఉన్నది. నేడది మహానగరములో కలిసిపోయినది గాని, రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున తన పాలన తాను నడుపుకొను పెద్ద పట్టణము. 1931వ సంవత్సరపు జనాభాలెక్కలలో అచ్చటి జనసంఖ్య రెండు లక్షల ముప్పదివేలకు పైబడినది. ఆ దినములలో విదేశములనుండి లండనుకు విమానములలో వచ్చువారు దిగినది క్రాయ్డన్ విమానాశ్రయముననే.

పారిశుద్ధ్యవిషయమున ఆ ఊరు వెనుకబడినది కాదు. 1848లో ఇంగ్లండున ప్రజారోగ్యచట్టము వచ్చిన మరుసటి యేడే స్థానికారోగ్యమండలిని నెలకొల్పుకొన్న తొలి పట్టణములలో అది యొకటి. 1851 నాటికే యంత్రములతో నీరు తోడి గొట్టములద్వారా ఇండ్లకు పంపసాగెను. అయినను 1852-53లో ఒకమారు, 1875లో మరియొకమారు అచ్చట జ్వరము ప్రబలగా ప్రభుత్వమువారు విచారణలు జరిపిరి. మంచినీటిపని ఒకనాడు చేసి ముగించునది కాదని ఆ పట్టణమునకు అప్పుడే రెండు హెచ్చరికలు వచ్చినవన్నమాట.

తరువాత కాలము మారినది. 1919లో ఇంగ్లండున ఆరోగ్యమంత్రిత్వశాఖ ఏర్పడెను. ప్రతి పట్టణమునకును ఆరోగ్యాధికారి యుండెను. ఆయన ఏటేట జననమరణములను, వ్యాధులను, నీటిని, మురుగును, గృహములను గూర్చి నివేదిక వ్రాయుచుండెను. 1936లో ప్రజారోగ్యచట్టమును సవరించి క్రొత్తగా కూర్చిరి. తాతల కాలమున ఇంటింట ప్రాణములు తీసిన టైఫాయిడు, అనగా మన పెద్దలు సన్నిపాతజ్వరమని చెప్పుకొను వ్యాధి, ఇంగ్లండు పట్టణములలో అరుదైపోయెను. అరుదైన శత్రువును గూర్చి కావలివాడు కొంత ఏమరుట లోకస్వభావము.

ఈ వ్యాధి నడచు త్రోవను ఇచట కొంచెము చెప్పవలసియున్నది. టైఫాయిడు క్రిమి రోగి మలమూత్రములతో వెలుపలికి వచ్చును. అది నీటిలోగాని పాలలోగాని ఆహారములోగాని కలిసి మరియొకరి కడుపున ప్రవేశించును. ప్రవేశించిన వెంటనే జ్వరము రాదు. సామాన్యముగా ఒకటి మొదలు మూడు వారములవరకు పట్టును. కనుక నేడు పడిన రోగి నేటి నీటిని గాక, గడచిన నెల నీటిని గూర్చి సాక్ష్యము చెప్పుచున్నాడు. అంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. జ్వరము తగ్గి ఆరోగ్యవంతులైనవారిలో నూటికి ఇద్దరు మొదలు ఐదుగురివరకు పిత్తాశయములో ఆ క్రిమిని ఏండ్ల తరబడి మోయుచునే యుందురు. వారికి నొప్పి యుండదు, నలత యుండదు. తాము మోయుచున్న సంగతి వారికే తెలియదు.

దీనికి విరుగుడు తెలియని కాలమా అది? కాదు. 1897లో మెయిడ్‌స్టన్ పట్టణమున టైఫాయిడు చెలరేగినప్పుడు నీటిగొట్టములను క్లోరిన్ ద్రావణముతో శుద్ధిచేసిరి. 1905లో లింకన్ పట్టణమున హ్యూస్టన్ అను శాస్త్రజ్ఞుడు త్రాగునీటిలో ఆ మందును ఎడతెగక కలిపించెను. అనగా క్రాయ్డన్ విపత్తునకు ముప్పది యేండ్లకు ముందే ఇంగ్లండువారి చేతిలో ఆయుధమున్నది.

ఇక కథలోనికి వచ్చెదను. పట్టణములో కొంతభాగమునకు ఆడింగ్‌టన్ అను చోట త్రవ్విన లోతైన బావినుండి నీరు వచ్చుచుండెను. ఆ నేల సుద్దరాతినేల. వానజలము ఆ రాతిపొరలగుండ ఇంకి అడుగున చేరును. చూచుటకు అద్దమువలె తేటగా నుండును. అట్టి నీటిలో దోషమేమి యుండునని పలువురి నమ్మకము. అయినను నీటిని వడపోయుటకును, క్లోరిన్ కలుపుటకును అచ్చట యంత్రములు అమర్చియే యుండిరి.

1937 శరదృతువున ఆ బావిలో మరమ్మతులు మొదలిడిరి. పనివారు బావిలోనికి దిగి, అడుగున నున్న సొరంగములలో పనిచేయుచుండిరి. వారు పనిచేయుచుండగనే ఆ బావినీటిని పట్టణమునకు తోడి పంపుచుండిరి. అంతియకాదు, పని జరుగుచున్న ఆ దినములలోనే వడపోతయు లేదు, క్లోరిన్ కలుపుటయు లేదు. పనివారిలో ఒకనికి పూర్వమెప్పుడో టైఫాయిడు వచ్చి తగ్గియుండెను. ఆతడు క్రిమిని మోయుచున్నవాడని ఆతనికి తెలియదు, పనిలో పెట్టుకొన్నవారికిని తెలియదు. పనిలో చేర్చుకొనుటకు ముందు అట్టి పరీక్ష చేయవలెనని ఎవరికిని తోచలేదు.

అక్టోబరు నెలలో జ్వరములు కనబడసాగెను. ఒక వైద్యుని యొద్ద ఒక రోగి, మరియొక వైద్యుని యొద్ద మరియొక రోగి. ఎవరికి వారు విడివిడిగా చూచుకొనుచుండిరి. అరుదైన వ్యాధియగుటచేత తొలిదినములలో దానిని పోల్చుకొనుటయే కష్టము. నెల ముగియు వేళకు గాని ఇది ఊరినంతయు కలచు ఉపద్రవమని బోధపడలేదు. రోగుల ఇండ్లను పటముపై గుర్తించి చూడగా అవి ఊరంతట చెదరియుండలేదు. ఆడింగ్‌టన్ బావినీరు పారు ప్రాంతమునకే చేరియుండెను. పటము చెప్పిన సాక్ష్యమును కాదనుట ఎవరికిని సాధ్యము కాలేదు. బావిని నిలిపివేసిరి.

కాని అప్పటికే త్రాగినవారు త్రాగియుండిరి. మొత్తము 341 మందికి జ్వరము సోకెను. వారిలో 43 మంది మరణించిరి. టైఫాయిడును కుదుర్చు క్లోరాంఫెనికాల్ అను మందు వాడుకలోనికి వచ్చుటకు ఇంకను పదేండ్లు పట్టవలసియుండెను. రోగిని పరుండబెట్టి, పథ్యమిచ్చి, వారముల తరబడి కనిపెట్టి యుండుటయే నాటి చికిత్స.

పురజనుల దుఃఖము కోపముగా మారెను. పత్రికలు విమర్శించెను. పౌరులు తమలో ఒక సంఘముగా నేర్పడి బహిరంగ విచారణకు పట్టుబట్టిరి. ఈ సంగతి మీరు ప్రత్యేకముగా గమనింపవలెను. వారు రాళ్లు రువ్వలేదు, కార్యాలయములను తగులబెట్టలేదు. ఏమి జరిగినదో బహిరంగముగా చెప్పుడని అడిగిరి, చెప్పువరకు వదలలేదు. ప్రభుత్వమువారు మర్ఫీ అను న్యాయవాదిని విచారణకర్తగా నియమించిరి. ఆయనకు తోడుగా ఒక వైద్యనిపుణుని, ఒక ఇంజనీరును కూర్చుండబెట్టిరి. 1937 డిసెంబరులో విచారణ జరిగెను. 1938 ఫిబ్రవరిలో నివేదిక వెలువడెను.

ఆ నివేదిక చెప్పిన కారణములు మూడు. బావిలో పని జరుగుట యొకటి. పనివారిలో ఒకడు క్రిమివాహకుడగుట రెండవది. ఆ వేళనే వడపోతయు క్లోరినును లేకుండుట మూడవది. ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను ఆ 43 మంది ఇంటనుండెడివారు.

ఈ మూడింటికిని వెనుక మరియొకటి కలదు. నా మనస్సును ఎక్కువగా కలచినది అదియే. బావిలో మరమ్మతు జరుగుచున్న సంగతి పట్టణపు ఆరోగ్యాధికారికి తెలియనే తెలియదు. ఇంజనీరు కార్యాలయము, ఆరోగ్యకార్యాలయము, రెండును ఒకే పురపాలక సంఘమునకు చెందినవి. ఇంజనీరు దృష్టిలో అది రాయి, ఇటుక, యంత్రము సంబంధమైన పని, వైద్యునికేమి చెప్పవలెను? వైద్యుని దృష్టిలో నీరు ఎప్పటివలె శుద్ధియై వచ్చుచున్నది, ఏమని అడుగవలెను? ఎవరి పని వారు చేయుచునే యుండిరి. ఒకరి పని మరియొకరికి తెలుపు బాధ్యత మాత్రము ఎవరికిని లేకపోయెను. ఒక చీటీ వ్రాసి ఆ గదినుండి ఈ గదికి పంపియున్నచో, క్లోరిన్ ఆపవద్దని ఆరోగ్యాధికారి చెప్పియుండెడివాడని నేను తలచుచున్నాను.

ఆ పనివానిని నిందింపవలెనని కొందరికి తోచవచ్చును. అది ధర్మము కాదు. ఆతడు కూలికి వచ్చి, చెప్పిన పని చేసినవాడు. తన దేహములో నున్న శత్రువును ఆతడు చూడలేడు. ఊరికి ఆపద వచ్చినప్పుడు తప్పునంతయు అట్టడుగున నున్నవాని తలపై మోపుట మన దేశముననే కాదు, అన్ని దేశములలోను సులభమైన పని. కాని కావలి కాయవలసిన నియమము పైననుండి రావలెను గాని, క్రిందివాని అదృష్టముపై ఆధారపడరాదు.

న్యాయస్థానము కూడ ఈ మాటనే వేరొకరీతిగా చెప్పెను. జ్వరము సోకిన ఒక బిడ్డ పక్షమునను, తన పక్షమునను ఒక తండ్రి పురపాలక సంఘముపై వ్యాజ్యము వేసెను. నీటిని శుద్ధముగా ఇచ్చుటలో తగిన జాగ్రత్త వహింపకపోవుట పురపాలక సంఘము తప్పేయని 1938లో తీర్పు వచ్చెను. అటుపిమ్మట ఆరోగ్యమంత్రిత్వశాఖ నీటిసరఫరా సంస్థలు దినదినము పాటింపవలసిన జాగ్రత్తలను వ్రాసి పంపెను. నీటికి క్లోరిన్ కలుపుట, బావులలో పనిచేయువారిని ముందుగా పరీక్షించుట మున్నగునవి బ్రిటనులో సామాన్యనియమములైనవి. 43 ప్రాణములు పోయిన పిదప వచ్చిన నియమములవి.

సోదరులారా! ఈ దూరదేశపు కథను మీ యెదుట ఎందుకు పెట్టితినో మీరీపాటికి గ్రహించియుందురు. మన పాఠశాలలో బావి యున్నదా, తొట్టి యున్నదా, కుళాయి యున్నదా అనుటతో మన విచారణ ముగియరాదు. తొట్టిని ఎవరు కడుగుదురు? ఎన్ని దినములకొకమారు? కడిగిన తేదీని ఎచ్చట వ్రాయుదురు? గొట్టము పగిలి మరమ్మతు చేసినప్పుడు ప్రధానోపాధ్యాయులకు ముందుగా తెలియునా? తెలిసినచో ఆ దినమున పిల్లలు ఏ నీరు త్రాగుదురు? ఈ ప్రశ్నలు అడుగుట ఎవరినో అనుమానించుట కాదు. క్రాయ్డనులో ఎవరును దుర్మార్గులు కారు. అడుగువారు లేకపోయిరి, అంతే.

మనబోటివారికి ఇందులో మరియొక చిక్కు కలదు. మనము తరతరములుగా ఈ గడ్డను కాపురముండి, ఇచ్చటి భాషను బజారులో మాటలాడుచున్నాము. కాని మాటలాడుట వేరు, చదువుట వేరు. నీరు కాచి త్రాగుడని పురపాలక సంఘమువారు అచ్చువేసి గోడకు అంటించిన కాగితమును చదువలేని అవ్వలును, తల్లులును మన ఇండ్లలో ఉన్నారు. ఇంటిలో కుండ నింపునది వారే గదా! ఒకే కట్టడములోని రెండు గదులనడుమ మాట అందకపోవుటచేత అచ్చట అంత నష్టము వాటిల్లినప్పుడు, రెండు భాషలనడుమ మాట అందకపోయిన ఏమి కాగలదో ఆలోచింపుడు. కనుక ఆరోగ్యప్రకటన ఏది వచ్చినను దానిని నాడే తెలుగులో వ్రాసి, ప్రతి పిల్లవానిచేత ఇంటికి పంపవలెనని మన సంఘమువారిని ప్రార్థించుచున్నాను. పై తరగతుల విద్యార్థులు ఈ పనిని సంతోషముగా చేయగలరు. రెండు భాషలు నేర్చిన చదువునకు ఇంతకంటె మంచి ప్రయోజనము నాకు కానరాదు.

తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదు. ఎవరో ఒకరు చూచుచు, వ్రాయుచు, ఒకరికొకరు చెప్పుకొనుచున్నంతవరకే అది మంచినీరు. ఆ చూచువారిలో తల్లిదండ్రులు కూడ ఉండవలెనని విన్నవించుచున్నాను.