బడికి పెట్టిన కోత రైతు ఇంట్లో అప్పయింది

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, యూరియా గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు వివరంగా చెప్పారు. నేను బడి గురించి మాట్లాడతాను. రైతు సంఘం మీటింగులో బడి ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మా ఇంటి లెక్క ఒకటి చెప్తాను, ఎందుకో మీకే తెలుస్తుంది.

మా వదిన మా ఊరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. తొమ్మిదింటికి బడికి పోతే, పిల్లలు తిన్నాక గిన్నెలు కడిగి ఇంటికి వచ్చేసరికి మూడవుతుంది. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. పప్పు, నూనె, కూరగాయలు, గుడ్లు మాత్రం ముందు ఆమే కొని, తర్వాత బిల్లు పెట్టుకోవాలి. గుడ్డుకు సర్కారు కట్టిచ్చే రేటు ఒకటి, అంగట్లో రేటు ఇంకొకటి. పైగా బిల్లు నెలనెలా రాదు. పోయిన ఏడాది నెలల తరబడి రాలేదు. కిరాణం సేటు ఉద్దెర ఆపేశాడు. పిల్లల్ని పస్తులు పెట్టలేక మా అన్న నూటికి రెండు రూపాయల మిత్తికి ఇరవై వేలు తెచ్చిచ్చాడు. ఐదు నెలలకు బిల్లు వచ్చింది. సర్కారు అసలు ఇచ్చింది, మిత్తి ఇవ్వలేదు. ఆ రెండు వేలు మా అన్న పత్తి పైసల్లోంచి పోయాయి. అంటే సర్కారు బడిలో పిల్లల అన్నానికి ఒక చిన్న రైతు పెట్టుబడి పెట్టాడన్నమాట.

ఇంత చేస్తే ఆమెకు వచ్చే గౌరవ వేతనం మన రాష్ట్రంలో నెలకు 3,000 రూపాయలు. అది కూడా ఏడాదికి పది నెలలకే. ఇందులో కేంద్ర పథకం కింద వచ్చేది 1,000. ఆ వెయ్యిలోనూ కేంద్రం వాటా 600, రాష్ట్రం వాటా 400. ఆ వెయ్యి 2009లో పెట్టింది. ఆ ఏడాది వడ్ల మద్దతు ధర కూడా బోనస్‌తో కలిపి క్వింటాలుకు వెయ్యే. 2025-26కి సాధారణ రకం వడ్లకు 2,369 అయింది. అది చాలదని మనం కొట్లాడుతున్నాం, న్యాయమే. మరి బడిలో వండే మనిషి వెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది.

బడ్జెట్ పుస్తకంలో కోత అనే మాట ఎక్కడా కనిపించదు. కానీ జీతం పెంచకపోవడం కోతే. బిల్లు ఆపడం కోతే. ఖాళీ పోస్టు నింపకపోవడం కోతే.

2020లో కరోనాకు బడులు మూసినప్పుడు ఊడ్చేవాళ్లను, విద్యా వాలంటీర్లను ఇంటికి పంపారు. బడులు తెరిచాక వాళ్లను తిరిగి తీసుకోలేదు. బడి శుభ్రం చేసే పని పంచాయతీ కార్మికుల మీద వేశారు. ఊరి మోరీలు తీసేది వాళ్లే, చెత్త ఎత్తేది వాళ్లే, వాళ్ల జీతాలూ నెలలు ఆగుతాయి. మా ఊరి బడిలో ఊడ్చిన అక్కకు భర్త లేడు, ఇద్దరు పిల్లలు. ఆ చిన్న జీతం పోయాక కలుపుకు, పత్తి ఏరడానికి వస్తోంది. పని లేని నెలల్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందో ఆమెకే తెలుసు. అక్కడ బడిలో మరుగుదొడ్డికి తాళం పడింది. పెద్ద తరగతుల ఆడపిల్లలు నెలకు నాలుగు రోజులు బడి మానేశారు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా పారిశుద్ధ్యానికి డబ్బులిచ్చే పద్ధతి పెట్టారు, కాదనను. అదే ఏడాది డీఎస్సీలో 11,062 టీచర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, అదీ మంచిదే. అవి ఊరికే రాలేదు, నిరుద్యోగులు ఏళ్ల తరబడి అడిగితే వచ్చాయి. మా ఊరి అక్క పని మాత్రం ఆమెకు తిరిగి రాలేదు.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకుంటాను. మా ఊరి ప్రాథమిక బడిలో ఒక్క టీచరే మిగిలినప్పుడు నేను మా మనవణ్ణి తీసుకుపోయి ప్రైవేటు బడిలో వేశాను. నాలాగే ఇంకో పదిమంది చేశారు. పిల్లలు తగ్గారు. పిల్లలు తగ్గారు కాబట్టి ఇంకో టీచరు అక్కర్లేదన్నారు. నీళ్లు ఆపింది వాళ్లే, చేను పండలేదని అన్నదీ వాళ్లే. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం చెప్తోంది. అది నేను అప్పుడు అడగలేదు. ఫీజు, బస్సు కలిపి ఏడాదికి 32 వేలు కడుతున్నాను. ఎకరం పత్తి మీద ఖర్చులు పోను ఎంత మిగులుతుందో ఇక్కడున్న అందరికీ తెలుసు. ఫీజు కట్టే స్తోమత లేనివాళ్ల పిల్లలు ఆ ఒక్క టీచరు దగ్గరే ఉన్నారు. వాళ్లను నేను వదిలేసి వచ్చినట్టే కదా.

జాతీయాదాయంలో 6 శాతం చదువుకు ఖర్చు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా అదే 6 శాతం రాసుకుంది. రాయడానికే ఉంది. ఆ మిగిలిన ఖర్చు ఎక్కడికీ పోలేదు, ఫీజుగా, మిత్తిగా, ఆటో కిరాయిగా మన ఇళ్ల మీద పడింది. రైతు అప్పుల గురించి మాట్లాడే సంఘం ఈ అప్పు గురించీ మాట్లాడాలి.

అందుకే మన డిమాండ్ల కాగితంలో నాలుగు మాటలు చేర్చమని అడుగుతున్నాను. మధ్యాహ్న భోజనం బిల్లులు నెల దాటకుండా ఇవ్వాలి. వండేవాళ్లకు కనీస వేతనం ఇవ్వాలి. ప్రతి బడికి ఊడ్చే మనిషిని పెట్టి, తీసేసినవాళ్లకు ముందు అవకాశం ఇవ్వాలి. పిల్లలు తక్కువున్నారని ఊరి బడిని మూయకూడదు, ఇద్దరు టీచర్లకు తగ్గించకూడదు.

వచ్చే సోమవారం ప్రజావాణికి పోతున్నాం. ప్రతి గ్రామ కమిటీ ఈ లోపు తమ బడికి పోయి మూడు సంగతులు రాసుకొని రావాలి: బిల్లులు ఎన్ని నెలల బాకీ, టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీ, ఊడ్చే మనిషి ఉన్నారా లేరా. వంట చేసే అక్కలను వెంట తీసుకురండి. కలెక్టర్ ముందు వాళ్లే మాట్లాడతారు, మనం వెనక నిలబడదాం. మా వదిన వస్తానంది. నేను రేపు పొద్దున బడికి పోయి, మనవణ్ణి మళ్లీ అక్కడ చేర్చడానికి ఏం కావాలో హెడ్మాస్టరును అడుగుతాను.

సెలవు.