రోము అంగడివీధిలో రెండు ప్రసంగాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు ప్రేక్షకులకు రాయబార ఘట్టం కొత్త కాదు. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ ప్రదర్శించిన చోటల్లా, కౌరవ సభలో శ్రీకృష్ణుడు పద్యం ముగించగానే వెనుక వరుసల నుండి ‘వన్స్ మోర్’ కేకలు లేచేవి. బెంగుళూరు చుట్టుపట్ల పల్లెల్లో కన్నడ ‘కురుక్షేత్ర’ నాటకానికీ ఇటువంటి ఆదరణే ఉన్నది. అయితే ఆ సభలో శ్రీకృష్ణుడు ఒప్పించవలసినవాడు ఒక్కడే. ఆ దుర్యోధనుడు ఒప్పుకోడు. భీష్మద్రోణులు తలలూపినా ప్రయోజనం శూన్యం. షేక్స్పియరు మహాకవి ‘జూలియస్ సీజరు’ విషాదాంత నాటకంలో పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ ఒప్పించవలసినవారు పేరైనా లేని పౌరులు. వారు ఒకే ఘట్టంలో రెండుసార్లు ఒప్పుకుంటారు, రెండూ పరస్పర విరుద్ధమైన మాటలకే.

ఈ నాటకం 1599లో లండన్‌లో ప్రదర్శితమైంది. కథకు మూలం గ్రీకు చరిత్రకారుడు ప్లూటార్కు రచన. వావిలాల వాసుదేవశాస్త్రి గారు 1870ల దశకంలోనే దీనిని ‘సీజరు చరిత్రము’ పేర తెలుగు చేశారు. ఆంగ్ల నాటకాలకు వచ్చిన తొలి తెలుగు అనువాదాలలో అది ఒకటి. షేక్స్పియరు పాత్రలకు ప్రాణం పోసిన మహానటుడు బళ్ళారి రాఘవ (1880–1946) బెంగుళూరు ప్రేక్షకులకూ సుపరిచితుడే. కనుక రోము కథ మనకు పరాయిది కాదు.

కుట్ర అన్న మాట వినగానే కత్తులు గుర్తుకు వస్తాయి. ఈ నాటకంలో కత్తుల కంటె ముందు ఉత్తరాలు పని చేస్తాయి. పౌరులే వ్రాసినట్లు వేరువేరు దస్తూరీలతో లేఖలు సృష్టించి, కాషియస్ వాటిని బ్రూటస్ ఇంటి కిటికీలో వేయిస్తాడు. విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’లో చాణక్యుడు చేసినదీ ఇటువంటి పనే. రాక్షసుని ముద్ర వేసిన కపట లేఖతో శత్రుపక్షాన్ని చీలుస్తాడు. వేదం వేంకటరాయశాస్త్రి గారి ‘ప్రతాపరుద్రీయం’ (1897)లో మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషంతో ఢిల్లీ చేరి ప్రభువును విడిపిస్తాడు. మన నాటకాలలో కపటోపాయం మంత్రి మేధకు నిదర్శనం, దాని ఫలితం రాజ్యానికి క్షేమం. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. బ్రూటస్ విషయంలో ఆ సౌకర్యం లేదు.

ఎందుకంటే బ్రూటస్ దుర్మార్గుడు కాడు. సీజరు మీద అతనికి పగ లేదు, పైగా స్నేహం ఉన్నది. రాత్రివేళ ఒంటరిగా తోటలో తిరుగుతూ తనకు తానే నచ్చజెప్పుకొంటాడు. సీజరు ఇంతవరకు చేసిన అపరాధమేదీ అతనికి కనబడదు. కిరీటం ధరిస్తే మారవచ్చునట! గ్రుడ్డులో ఉన్న పామును గ్రుడ్డులోనే చంపాలన్న నిర్ణయానికి వస్తాడు. ఒక మనిషి ప్రాణం ఆ ‘వచ్చును’ అనే మాట మీద ఆధారపడింది. కిటికీలో దొరికిన ఉత్తరం అతను చదివేది ఆ తరువాతనే. నాటకంలోకెల్లా భయంకరమైన ప్రసంగం ఇదే. దీనికి వక్తా ఒక్కడే, శ్రోతా ఒక్కడే, ఎదురు ప్రశ్న వేసే రెండవవాడు లేడు.

క్రీ.పూ. 44 మార్చి 15న సీజరు నేలకొరిగాడు. కాషియస్ వారించినా వినక బ్రూటస్ ఆంటొనీకి మాట్లాడే అనుమతి ఇస్తాడు. ముందు తాను వచనంలో, తూచినట్లు మాట్లాడతాడు. సీజరుకు అధికార దాహం ఉన్నదంటాడు, నిదర్శనం ఒక్కటీ చూపడు. జనం జయజయధ్వానాలు చేస్తారు. ఒక పౌరుడు బ్రూటస్‌నే సీజరును చేద్దామంటాడు. ఏకచ్ఛత్రాధిపత్యం వద్దని హత్య చేసినవానికి దక్కిన మెప్పు అది!

తరువాత ఆంటొనీ లేస్తాడు. హంతకులను గౌరవనీయులని పదే పదే అంటాడు. ఆ విశేషణం ప్రతి ఆవృత్తిలోనూ కొంచెం కొంచెంగా తిరగబడి చివరకు తిట్టుగా మారుతుంది. సీజరు కిరీటాన్ని మూడుసార్లు నిరాకరించాడని గుర్తు చేస్తాడు. అది నిజమే, కాని సగం నిజం. నిరాకరించిన ప్రతిసారీ చేయి మరింత అయిష్టంగా వెనుకకు వచ్చిందని కాస్కా ముందే చెప్పి ఉన్నాడు. ఆంటొనీ వీలునామా చూపించి, చదవనంటాడు. చిల్లులు పడిన ఉత్తరీయం చూపిస్తాడు. జనం వీలునామా సంగతే మరచి ఇళ్ళు తగులబెట్టడానికి పరుగెత్తబోతే, వెనక్కు పిలిచి జ్ఞాపకం చేస్తాడు. పౌరుడొక్కింటికి 75 ద్రాక్మాలు, టైబరు నది ఒడ్డున విహారవనాలు!

ఈ రెండింటిలో ఏది గొప్ప ప్రసంగమన్న ప్రశ్న పరీక్ష పత్రాలలో అరిగిపోయింది. వినేవారి సంగతి ఏ ప్రశ్నపత్రమూ అడగదు. పాఠశాలలలో వక్తృత్వ పోటీలున్నాయి, కప్పులున్నాయి. చక్కగా విన్న పిల్లవానికి ఇంతవరకు ఎవరూ కప్పు ఇచ్చినట్లు లేదు. విద్యార్థి నాయకుని ఎన్నికలో గొంతు బాగున్న పిల్లవాడు నెగ్గితే, అతని మాటలలో ఏమున్నదో తరగతిలో మళ్ళీ చర్చించిన ఉపాధ్యాయులు ఎందరు? రోము పౌరులు మూఢులు కారు. నాటకం మొదట్లో చెప్పులు కుట్టే ఒకడు అధికారులనే శ్లేషలతో ముప్పుతిప్పలు పెడతాడు. అంత చురుకైనవారు గుంపుగా నిలిచిన చోట ప్రశ్నించడం మరచారు.

ఆ మరపుకు మూల్యం చెల్లించినవాడు సిన్నా అనే కవి. కుట్రదారులలో ఒకని పేరూ సిన్నాయే. తాను ఆ సిన్నా కాననీ, కవిననీ అతను మొరపెట్టుకొంటాడు. అయితే చెడ్డ పద్యాలు వ్రాసినందుకు చంపమంటాడు గుంపులో ఒకడు. చదివేటప్పుడు పిల్లలు ఇక్కడ నవ్వుతారు, వెంటనే తరగతి నిశ్శబ్దమైపోతుంది. నాటకాలలో ఈ చిన్న ఘట్టాన్ని తొలగించే అలవాటు చాలాకాలం ఉండేది. అది తొలగిస్తే కథ మహాపురుషుల కథగా మాత్రమే మిగులుతుంది.

నాలుగవ అంకం మొదట ఆంటొనీ, ఆక్టేవియస్, లెపిడస్ ఒక బల్ల చుట్టూ కూర్చుని, చంపవలసినవారి పేర్లకు గుర్తులు పెడుతూ ఉంటారు. తన మేనల్లుని పేరు వద్ద కూడా ఆంటొనీ తడబడడు. ఆ పని ముగియగానే లెపిడస్‌ను సీజరు ఇంటికి పంపి అదే వీలునామాను తెప్పిస్తాడు. పౌరులకు వ్రాసిన ఆస్తులలో ఎంత కోత వేయవచ్చునో చూడాలట. ఈ సంగతి రోము వీధులలో ఎవరికీ తెలియదు. ఆ ఘట్టం మొదలుకొని నాటకం ముగిసేవరకు, ఆ పౌరులలో ఒక్కడైనా మళ్ళీ రంగస్థలం మీదకు రాడు.