ఆపరేషన్ గదిలో పసిబిడ్డకు వెచ్చదనం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. హైస్కూల్లో సైన్సు చెప్పుకునే టీచర్ని. ఈ ఏడు మన సొసైటీ పేద పిల్లల ఆపరేషన్లకు సాయం చేయాలనుకుంటోందని తెలిసి, ఆ ఖర్చులో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక పద్దు గురించి నాలుగు మాటలు చెబుతానని కమిటీని నేనే అడిగాను. అది బిడ్డ ఒంటి వేడి.

ఆపరేషన్ అనగానే మనకు కత్తి, రక్తం, మత్తు గుర్తొస్తాయి. చలి గుర్తురాదు. కానీ థియేటర్లోకి వెళ్ళి వచ్చినవారిని అడిగి చూడండి, చాలామంది ముందు చెప్పేది చలి గురించే. అక్కడ ఏసీ డాక్టర్లకు తగినట్టు పెడతారు. అందులో తప్పు లేదు. ఒంటి నిండా గౌను, ముఖానికి మాస్కు, నెత్తిన లైట్లు, గంటల తరబడి నిలబడాలి. వారికి చెమట పట్టకూడదు. అయితే వారికి హాయిగా ఉండే ఆ గదిలోనే బల్ల మీద మూడు కిలోల బిడ్డ బట్టల్లేకుండా పడుకుని ఉంటుంది.

మా ఎనిమిదో తరగతి పిల్లలను అడుగుతుంటాను: కప్పులో టీ ముందు చల్లారుతుందా, సాసర్లో పోసిన టీనా? అందరూ సాసర్ అనే అంటారు. పసిబిడ్డ సాసర్లో టీ లాంటిది. ఒంటి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కింద కొవ్వు తక్కువ. తల సంగతే చూడండి. పెద్దవాళ్ళకు ఒంటి మీది చర్మంలో తల వాటా సుమారు 9 శాతం, పసిబిడ్డకు 18 శాతం. ఎండాకాలంలో కూడా బిడ్డ నెత్తికి టోపీ పెట్టే మన దాదీలు, నానీలు ఈ లెక్క చదువుకోలేదు, అయినా థియేటర్ విషయంలో వాళ్ళ మాటే సరి.

వేడి పోయే దారులు పాఠ్యపుస్తకంలో ఉన్నవే. చల్లని గోడలకు వికిరణంగా పోతుంది, ఏసీ గాలికి సంవహనంగా పోతుంది, కింది చల్లని పరుపుకు వహనంగా పోతుంది. కోత పెట్టే ముందు పొట్ట మీద పూసే మందు ఆరేటప్పుడు ఇంకొంత లాక్కుపోతుంది. కోత పెద్దదైతే లోపలి తడి కూడా ఆవిరవుతుంది. పైగా సెలైను చల్లగా ఎక్కిస్తే ఆ చలి నేరుగా రక్తంలోకే వెళుతుంది.

మెలకువగా ఉంటే మనం వణుకుతాం, దుప్పటి లాక్కుంటాం. నెలల బిడ్డకు వణుకు సరిగా రాదు. దానికి బదులు భుజాల మధ్య, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు ఒకటి ఉంటుంది. చలి వేసినప్పుడు అది కరిగి వేడి పుట్టిస్తుంది. మత్తుమందు ఆ పనిని కూడా అణిచేస్తుంది. చర్మం కింది రక్తనాళాలను వదులు చేసి, లోపలి వేడిని పైకి తెచ్చి బయటికి వదిలిస్తుంది. అంటే బిడ్డకున్న ఒక్క కుంపటినీ మనమే ఆర్పి, తలుపు తెరిచిపెట్టినట్టు.

ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర ఉండాలి. 36 కంటే తగ్గితే చల్లబడినట్టే లెక్క. ఒక డిగ్రీకి ఇంత హడావుడి ఎందుకని అడగొచ్చు. ఒళ్ళు చల్లబడితే రక్తం త్వరగా గడ్డకట్టదు, కోత దగ్గర కారడం ఎక్కువవుతుంది. మత్తు ఆలస్యంగా దిగుతుంది. నెలల బిడ్డకు ఊపిరి మధ్యమధ్య ఆగే ప్రమాదం ఉంది. పుండు చీము పట్టడం కూడా పెరుగుతుంది. ఆస్ట్రియాలో పెద్దపేగు ఆపరేషన్ జరిగిన 200 మందిని గమనించి 1996లో ఒక పరిశోధన ప్రచురించారు. వెచ్చగా ఉంచినవారిలో 6 శాతం మందికి, చల్లబడినవారిలో 19 శాతం మందికి కోత దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చింది. వాళ్ళు పెద్దవాళ్ళు, నిజమే. కానీ పెద్దల ఒళ్ళే అలా ఉంటే పిల్లల సంగతి తేలిగ్గా తీసుకోలేం. ఆపరేషన్లో వెచ్చబరిచే పరికరాలు వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2016లో సూచించింది.

ఇందుకు కావలసినవి వింత వస్తువులేమీ కావు. బిడ్డ లోపలికి వచ్చే ముందే గదిని వెచ్చబరచడం, మందు పూసి గుడ్డలు కప్పేశాక కావాలంటే తగ్గించుకోవచ్చు. తలకు టోపీ. సెలైను వేడిచేసే చిన్న మిషను. ఆపరేషన్ జరిగినంతసేపూ లోపలి వేడిని చూపే థర్మామీటరు. ఇది లేకపోతే మిగతావన్నీ గుడ్డి లెక్కే, ఎందుకంటే ఒక్కోసారి మరీ ఎక్కువ వేడెక్కించడం కూడా జరుగుతుంది, అదీ మంచిది కాదు. అన్నిటికంటే బాగా పనిచేసేది వేడిగాలి దుప్పటి. మిషను గాలిని వేడిచేసి గొట్టం ద్వారా పల్చటి కవరులోకి పంపుతుంది, ఆ కవరు చిన్న చిన్న రంధ్రాల గుండా బిడ్డ ఒంటికి వెచ్చదనం ఇస్తుంది.

దాతలతో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. మిషను కొనివ్వడానికి మన దగ్గర మనసు ఉంటుంది. దాని మీద తండ్రి పేరో, తల్లి పేరో రాయించుకోవచ్చు. కవర్ల మీద పేరు రాయలేం. అవి ఒక్కో రోగికి ఒకటి వాడి పారేసేవి. కవర్లు అయిపోయిన నాడు మిషను మూలన పడుతుంది, లేదంటే తొందరలో ఎవరో గొట్టాన్ని నేరుగా దుప్పటి కింద దూర్చేస్తారు. ఒకే చోట వేడిగాలి తగిలి బిడ్డ చర్మం కాలుతుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఇలా కాలిన సంగతులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కవర్లు, గొట్టాలు, ఏటా సర్వీసు లేని మిషను దానం సగం దానమే అని నా అభిప్రాయం. ఎవరైనా నొచ్చుకుంటే మన్నించండి.

ఆసుపత్రికి పిల్లలను తీసుకెళ్ళే మన వాలంటీర్లకు ఒక మాట. వార్డు నుంచి థియేటర్ గుమ్మం దాకా బిడ్డను పల్చటి గౌనులో ఉంచనివ్వకండి, సిస్టరును అడిగి శాలువా కప్పండి. బయటికి వచ్చాక బిడ్డ చల్లగా ఉందని వేడినీళ్ళ సీసాగానీ, రబ్బరు సంచిగానీ పక్కన పెట్టకండి. మత్తులో ఉన్న బిడ్డ కాలినా ఏడవదు. సిస్టరుకు చెప్పండి, వేడి చూడమనండి. ఒకవేళ జ్వరం వచ్చి ఉంటే దుప్పట్లు చుట్టడం కూడా తప్పే.

ఇక కమిటీకి. డబ్బు ఇచ్చే ముందు ఆసుపత్రివారిని మూడు సంగతులు అడగండి. చంటిపిల్లల ఆపరేషన్లలో లోపలి వేడి కొలిచి కాగితం మీద రాస్తున్నారా? సెలైను వేడిచేసే ఏర్పాటు ఉందా? పిల్లల సైజు కవర్లు నెలకు ఎన్ని ఖర్చవుతున్నాయి? పెద్దల కవర్లు ఉంటే సరిపోదు, సైజు గట్టిగా అడగండి. ఈ జవాబులు వచ్చే సమావేశానికి ముందే రాతపూర్వకంగా తెప్పించుకుంటే, ఎవరెవరు ఎన్ని నెలల కవర్లు భరిస్తారో ఆ రోజే పంచుకోవచ్చు.